మైనస్ ఇంటూ మైనస్ ఎందుకు ప్లస్ అని అడిగితే నిలబెట్టారు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది తణుకు. మా పాప ఇక్కడే ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని అడిగే అలవాటు. జులైలో లెక్కల క్లాసులో 'మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎలా అవుతుంది మిస్?' అని అడిగిందట. 'రూలంతే, రాసుకో' అన్నారట. మర్నాడు మళ్లీ అడిగితే 'నువ్వే వచ్చి చెప్పు పాఠం, మేమంతా వింటాం' అని పీరియడ్ అయ్యేదాకా బోర్డు పక్కన నిలబెట్టారు. క్లాసంతా నవ్వారు. డైరీలో 'డిస్టర్బింగ్ ది క్లాస్' అని రాసి నా సంతకం పెట్టించుకుని రమ్మన్నారు. నేను సంతకం పెడుతూ, పనిలో ఉన్నానేమో, 'పరీక్షలయ్యే దాకా నోరు మూసుకుని చెప్పింది రాసుకో' అనేశాను. అప్పటి నుంచి అది క్లాసులో ఏమీ అడగడం లేదు. ఇంట్లో కూడా. మార్కులకేం లోటు లేదు, యూనిట్ టెస్టులో 25కి 23 వచ్చాయి. అయినా నా మనసు ఊరుకోవడం లేదు. మావారు 'టీచర్‌తో పెట్టుకుంటే మార్కులు కోసేస్తారు, వదిలెయ్' అంటారు. మా అత్తగారు 'ఆడపిల్లకి అన్ని ప్రశ్నలెందుకు, గురువుకి ఎదురు చెప్పడం మన ఇంటా వంటా ఉందా' అంటారు. నేను బీకాం చదివాను గానీ, ఆ ప్రశ్నకి జవాబు నాకూ తెలీదు. వెళ్లి అడగమంటారా, స్కూలు మార్చమంటారా, ఊరుకోమంటారా? (పేరు వేయకండి.)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట ఒక్కటే. 'ఇంట్లో కూడా' అన్నారు చూశారా, అది. క్లాసులో అడగడం మానేసిన పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు. వాళ్లలో చాలామంది ట్యూషన్లోనో, పక్క బెంచీ పిల్లనో, ఇంటికొచ్చి అక్కనో అన్ననో అడిగి తెలుసుకుంటారు. ఎక్కడా అడగకపోవడం వేరే సంగతి. అందుకని స్కూలు గొడవ కాసేపు పక్కన పెట్టి, ముందు పాప అడిగిన దానికి జవాబు చెప్పేద్దాం. పాపం, జులై నుంచి కాచుకుని ఉంది.

ఇవాళ రాత్రి అన్నాలయ్యాక ఒక కాగితం తీసుకుని ఇద్దరూ కూర్చోండి. లెక్కలు రావన్న బెంగ వద్దు, ఇది రెండో ఎక్కమే. ఒకదాని కింద ఒకటి ఇలా రాయమనండి:

3 × (−2) = −6
2 × (−2) = −4
1 × (−2) = −2
0 × (−2) = 0

మూడు సార్లు రెండు రూపాయల అప్పు చేస్తే ఆరు రూపాయల అప్పు, కాబట్టి మొదటి వరసలో పేచీ లేదు. ఇప్పుడు ఎడమ పక్క అంకెలు చూడమనండి: మూడు, రెండు, ఒకటి, సున్నా, ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. కుడి పక్క −6, −4, −2, సున్నా, రెండేసి పెరుగుతున్నాయి. ఎడమ పక్క ఇంకొక్కటి తగ్గితే −1. మరి కుడి పక్క ఏం రావాలి? మీరు చెప్పకండి. పాపనే రాయనివ్వండి. 2 అని రాస్తుంది. అంటే (−1) × (−2) = 2. ఇంకో రెండు వరసలు తనే రాసుకుంటుంది.

చురుకైన పిల్ల కదా, అక్కడితో ఆగకపోవచ్చు. 'వరస అలాగే సాగాలని ఎవరన్నారు?' అని అడిగితే సంతోషించండి, మీ పాత పాప తిరిగొచ్చినట్టే. అప్పుడు ఇది చూపించండి. 1లో −1 కలిపితే సున్నా. సున్నాని దేంతో గుణించినా సున్నాయే. కాబట్టి −2ని (1 + (−1))తో గుణిస్తే సున్నా రావాలి. బ్రాకెట్ విప్పి విడివిడిగా గుణిద్దాం. −2 × 1 అంటే −2. దానికి −2 × (−1) కలిపితే మొత్తం సున్నా కావాలి. −2కి ఎంత కలిపితే సున్నా అవుతుంది? 2. ఇంకేం పెట్టినా, పాప అయిదో తరగతి నుంచీ నమ్మకంగా చేస్తున్న బ్రాకెట్ల లెక్క తప్పిపోతుంది. పాత లెక్కలు చెడకుండా కొత్త అంకెల్ని ఇముడ్చుకోవాలంటే ఇదొక్కటే దారి. 'రూలంతే' అన్న మాటలో అబద్ధం లేదమ్మా, కాకపోతే ఆ రూలుకి ఒక కారణం ఉంది.

పాపకి ఇంకో రెండు సంగతులు చెప్పండి, కాస్త ధైర్యం వస్తుంది. ఈ రూలు రాసిపెట్టిన తొలితరం వాళ్లలో మన బ్రహ్మగుప్తుడున్నాడు. క్రీ.శ. 628లో, ధనం, ఋణం అన్న పేర్లతోనే, రెండు ఋణాల గుణకారం ధనమని శ్లోకంలో చెప్పాడు. ఎందుకో మాత్రం ఆయనా చెప్పలేదు! ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచినా పెద్దపెద్ద వాళ్లకి ఇది మింగుడు పడలేదు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే ఆయన 1758లో ఈ మైనస్ అంకెల వాడకం మీద ఒక పుస్తకమే రాసి, సున్నా కంటే తక్కువ అంకెలేమిటి, అవి లేకుండానే బీజగణితం నడపొచ్చని వాదించాడు. ఫ్రెంచి నవలా రచయిత స్టెంధాల్ కథ మీ పాప కథకి మరీ దగ్గర. గ్రెనోబుల్‌లో చదువుకునే రోజుల్లో ఆయన లెక్కల మాస్టార్లని సరిగ్గా ఇదే అడిగాడు. సరైన జవాబు రాలేదు. చెప్పిన పాఠమే మళ్లీ చెప్పారు. వీళ్లు నన్ను మోసం చేస్తున్నారా అనిపించిందని యాభై దాటాక ఆత్మకథలో రాసుకున్నాడు. అంతటి రచయిత అంత వయసొచ్చినా ఆ క్లాసు మర్చిపోలేదు!

ఇక ఆ టీచర్ గారి సంగతి. ఆవిడ చేసింది తప్పు. అందులో నాకు రెండో మాట లేదు. అయితే నేనూ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్నే కాబట్టి, స్టాఫ్ రూములో కూర్చుని చూస్తే ఇది ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మీరు ఆవిడతో మాట్లాడబోతున్నారు గనుక అది తెలిసి ఉండటం అవసరం.

పీరియడ్ నలభై నిమిషాలు. అటెండెన్సు, నిన్నటి హోంవర్కు చూడటం, చేయని వాళ్లని లేపడం, వీటికే పది నిమిషాలు పోతాయి. మిగిలిన ముప్పై నిమిషాల్లో నలభై మందికి ఒక అభ్యాసం సగమైనా పూర్తి చెయ్యాలి. నెలాఖరుకి ఏ చాప్టర్ దాకా వెళ్లారో సిలబస్ రిజిస్టర్లో చూపించాలి. వరండాలో తిరిగే ప్రిన్సిపాల్‌కి నిశ్శబ్దంగా ఉన్న క్లాసు బాగా జరుగుతున్న క్లాసు. ఇప్పుడైతే గదికో కెమెరా కూడా. పైగా ప్రైవేటు స్కూల్లో టీచరుద్యోగం ఏడాది ఏడాదికీ దినగండమే. అలాంటి చోట ఒక పిల్ల లేచి, పుస్తకంలో లేనిది, పరీక్షలో రానిది అడిగితే, ఆవిడకి కనపడేది చేజారిపోతున్న అయిదు నిమిషాలు.

ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. ఆవిడకి జవాబు తెలిసి ఉండకపోవచ్చు. బీఎస్సీ, బీఈడీ చేసిన వాళ్లకి కూడా ఈ 'ఎందుకు' ఎవరూ చెప్పి ఉండరు, వాళ్ల టీచర్లూ 'రూలంతే' అనే అన్నారు. బీఈడీలో మైక్రో టీచింగ్ అని ఒకటి చేయిస్తారు. అందులో ప్రశ్నించే నైపుణ్యం అని ఒక అంశం ఉంటుంది. టీచరు పిల్లల్ని ఎలా అడగాలి, తడబడితే ఇంకెలా తిప్పి అడగాలి, అన్నీ నేర్పిస్తారు. పాఠ్యపథకంలో ఉపాధ్యాయుని కృత్యాలు ఒక గడిలో, విద్యార్థి కృత్యాలు ఇంకో గడిలో రాస్తాం. విద్యార్థి గడిలో మనమడిగిన దానికి వాళ్లు చెప్పబోయే జవాబు ముందే రాసేసి పెడతాం. విద్యార్థే ఎదురు అడిగితే ఏం చెయ్యాలన్న దానికి ఆ కాగితం మీద గడే లేదు. ఆ చదువు చదివొచ్చిన వాళ్లకి, పిల్లలు తిరిగి అడగ్గానే పథకం తప్పిపోయినట్టు అనిపించడంలో వింతేముంది?

'ఎనీ డౌట్స్?' అని ప్రతి టీచరూ అడుగుతుంది. ఎలా అడుగుతుందో ఎప్పుడైనా చూశారా? ఆ మాట అంటూనే చెయ్యి డస్టర్ అందుకుంటుంది. పిల్లలకి ఆ చెయ్యి చాలు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల్ని రికార్డు చేయించి గడియారం పెట్టి లెక్కగట్టారు. టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకనేనని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచిన చోట జవాబులు పెద్దవయ్యాయి, 'తెలీదు' అనేవాళ్లు తగ్గారు, పిల్లలు తమంతట తాము అడిగే ప్రశ్నలూ పెరిగాయి. 1970ల నాటి మాట ఇది. రెండు సెకన్లకు ఏ సిలబస్సూ ఆగిపోదు కదా!

అలాగని టీచర్లు అడ్డుకునే మాటలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. 'ఇప్పుడు కాదు, లంచ్‌లో రా' అనడం తప్పేమీ కాదు, లంచ్‌లో వెళితే నిజంగా చెబితే. 'నాకూ చూడాలి, రేపు చెబుతా' అనే టీచర్ దొరికితే దండం పెట్టొచ్చు. 'పరీక్షలో రాదు, వదిలెయ్' అనేది బద్ధకం. రోజూ అదే వింటే పిల్లలకి పరీక్షలో వచ్చేదే చదువని స్థిరపడిపోతుంది. ఇవేవీ గొడవ పడేంతటివి కావు. కానీ పీరియడంతా నిలబెట్టి, క్లాసు చేత నవ్వించి, డైరీకి ఎక్కించడం శిక్ష. ప్రశ్న అడిగినందుకు శిక్ష. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలో చెప్పే 29వ సెక్షన్‌లో, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడాలని, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పుకోవడానికి తోడ్పడాలని ఉంది. మీ పాప వయసు పిల్లలు ఆ చట్టం కిందికే వస్తారు. ఇవన్నీ చెప్పింది మీరు రేపే చట్టం పట్టుకుని వెళ్లాలని కాదమ్మా. మీ మనసులో ఉన్న బాధ అతి కాదని మీకు తెలియాలని.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి అడుగుతాను. పాప ఆ ప్రశ్న ఏ భాషలో అడిగింది? ఇంగ్లీషు మీడియం స్కూళ్లలో చాలా చోట్ల తెలుగు మాట వినపడితే జరిమానానో, పేరు రాసుకోవడమో ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లకి 'ఎందుకు' పుట్టేది తెలుగులో. దాన్ని మనసులోనే ఇంగ్లీషులోకి మార్చుకుని, వాక్యం తప్పుతుందేమోనని రెండుసార్లు సరిచూసుకునే లోపు టీచర్ తర్వాతి లెక్కలో ఉంటుంది. కొందరు పిల్లలకి డౌటు లేక కాదు, దాన్ని ఇంగ్లీషులో ఎలా పెట్టాలో తెలియక చేతులెత్తరు. మీ ఇంట్లో అయినా పాపని తెలుగులోనే అడగనివ్వండి. ప్రభుత్వ బడులకు ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వేస్తున్నారు. పక్క ప్రభుత్వ స్కూల్లో చదివే పిల్లల దగ్గర లెక్కలు, సైన్సు పుస్తకాలు ఒక్కసారి తెచ్చి చూపించండి. 'ఇంటిజర్' అని బట్టీ పట్టింది 'పూర్ణసంఖ్య' అని కనపడగానే కొన్ని చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

వెళ్లి అడగాలా అన్నారు. వెళ్లండి. ఎలా వెళ్లాలన్నదే ముఖ్యం. పేరెంట్స్ మీటింగు రోజు వద్దు. వెనకాల ఇరవై మంది తల్లిదండ్రులు నిలబడి వింటుంటే ఎంత మంచి టీచరైనా తనని తాను కాపాడుకునే మాటలే మాట్లాడుతుంది. ముందుగా ప్రిన్సిపాల్ దగ్గరికీ వద్దు. అక్కడికెళితే ఆవిడకి మెమో, మీ పాపకి ఏడాదంతా ఆవిడ కోపం. క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం గురించైతే నేను చెప్పనే అక్కర్లేదు. ఫోన్ చేసి, ఆవిడకి ఖాళీ పీరియడ్ ఉన్న రోజు కనుక్కుని, లెక్కల నోటుబుక్కు పట్టుకుని మీరొక్కరే వెళ్లండి. పాపని తీసుకెళ్లకండి.

కూర్చోగానే డైరీ తీయకండి. 'మా పాపకి మీ సబ్జెక్టంటే ఇష్టం మేడం, ఇంటికొచ్చి కూడా మీ లెక్కలే చేస్తుంది' అని మొదలుపెట్టండి. అది నిజమే కదా, లేకపోతే రెండో రోజు మళ్లీ ఎందుకడుగుతుంది! ఆ తర్వాత జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పకుండా ఒక్క మాట చెప్పండి: 'ఆ రోజు నిలబెట్టారట, క్లాసులో నవ్వారట, అప్పటి నుంచి ఇంట్లో కూడా ఏమీ అడగట్లేదు, నాకు భయంగా ఉంది.' ఆ తర్వాత ఆగండి. మూడు సెకన్ల కంటే ఎక్కువే ఆగండి. ఎక్కువమంది టీచర్లు ఈ మాటకి కరిగిపోతారు. 'అయ్యో, అంత పట్టించుకుందా, నేను సరదాగా అన్నాను' అంటారు. సరదా ఏమిటని వాదించకండి. 'డౌటొస్తే ఎప్పుడు అడిగితే మీకు వీలవుతుంది మేడం? లంచ్‌లోనా, నోట్సులో వెనక పేజీలో రాసి ఇమ్మంటారా?' అని అడగండి. ఆవిడ నోటితోనే ఒక సమయం చెప్పించుకుని రండి. ఆ రోజు మీరు సాధించుకురావలసింది అంతే. క్షమాపణ కోసం పట్టుపట్టకండి. కానీ వచ్చేముందు ఒక మాట: 'ఈసారి పాపలో తప్పు కనిపిస్తే డైరీలో రాసే ముందు నాకో ఫోన్ చెయ్యండి' అని గట్టిగా, మర్యాదగా చెప్పండి. మీరు చూస్తున్నారని ఆవిడకి తెలియాలి.

నెలరోజుల్లో మార్పు లేకపోతేనో, మళ్లీ నిలబెడితేనో అప్పుడు ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసివ్వండి. ఫలానా తేదీన ఫలానాది అడిగినందుకు ఇలా చేశారు, అంతవరకే. విశేషణాలు వద్దు. డైరీ పేజీ ఫోటో జత చేయండి, మీ కాపీ మీద స్కూలు ముద్ర వేయించుకోండి. దానికీ కదలకపోతే మండల విద్యాధికారి ఉన్నారు, ఆ పైన జిల్లా విద్యాధికారి. అక్కడిదాకా వెళ్లాల్సిన పని పడదనే నేననుకుంటున్నాను.

మీవారి భయం మార్కుల గురించి. ఏడో తరగతి మార్కుల్ని మరో పదేళ్లకి ఎవరూ అడగరు. లెక్కలోకొచ్చేది పదో తరగతి పబ్లిక్, ఆ పేపర్లు వేరే చోట వేరే టీచర్లు దిద్దుతారు, పైన పిల్ల పేరు కూడా కనపడదు. ఆయనకి ఇంకోటి కూడా చెప్పండి. రూలు బట్టీ పట్టిన పిల్లకి ఇప్పుడు 25కి 23 వస్తాయి. ఎనిమిదిలో బీజీయ సమాసాలు, తొమ్మిదిలో బహుపదులు వచ్చేసరికి ఈ మైనస్‌లే ప్రతి మెట్టులోనూ కాళ్లకడ్డం పడతాయి. ఇంటర్‌లో మంచి ర్యాంకు పిల్లలు కూడా గుర్తుల దగ్గర తప్పు చేసి మార్కులు పోగొట్టుకుంటారు. మార్కుల కోసమైనా ఆ ప్రశ్నకి జవాబు కావాల్సిందే.

అత్తగారికి జవాబు చెప్పడం కష్టమే, అయినా ప్రయత్నిద్దాం. సంప్రదాయం అన్నారు కాబట్టి అందులోంచే చెబుతాను. ఉపనిషత్తుల్లో ఒకదానికి పేరే ప్రశ్నోపనిషత్తు. ఆరుగురు శిష్యులు సమిధలు పట్టుకుని పిప్పలాద మహర్షి దగ్గరికి వెళతారు. ఆయన వెంటనే పాఠం మొదలెట్టడు. ఒక ఏడాది నియమంగా ఇక్కడ ఉండండి, ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినవి అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతాం అంటాడు. 'మాకు తెలిస్తే' అన్నాడు చూశారా, మహర్షి! గ్రంథమంతా ఆ ఆరుగురు అడిగిన ఆరు ప్రశ్నలే. అత్తగారు తెలివైనవారైతే గార్గి కథ ఎత్తుతారు, అందుకు సిద్ధంగా ఉండండి. జనకుడి సభలో ఆవిడ వరసగా అడుగుతూ పోతుంటే యాజ్ఞవల్క్యుడు ఇక అడగకు, నీ తల రాలిపోతుందన్నాడు. నిజమే, అదీ మనదే. కానీ గార్గి కాసేపటికి మళ్లీ లేచి రెండు ప్రశ్నలడిగింది, ఆయన జవాబూ చెప్పాడు. ఆడపిల్ల అన్నది కూడా అక్కడే తేలిపోయింది.

ఇక పాప వైపు. నేను టీచర్ని కాబట్టి ఇదీ చెప్పాలి. కొంతమంది పిల్లలు తెలుసుకోవడానికి అడుగుతారు, కొంతమంది కనపడటానికి అడుగుతారు. ఈ మధ్య ఫోన్లో ముందే చూసుకొచ్చి టీచర్‌కి తెలుసో లేదో పరీక్ష పెట్టే పిల్లలూ తయారయ్యారు. మీ పాప ఆ రకం కాదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అయినా అడిగే పద్ధతి ఒకటి నేర్పండి: 'నాకర్థం కాలేదు' అని ఊరుకోకుండా, 'ఇక్కడి దాకా వచ్చింది మిస్, ఈ మెట్టు దగ్గర ఆగిపోయాను' అని వేలు పెట్టి చూపించడం. అలా అడిగితే టీచర్‌కి అరనిమిషం పని. లెక్క మధ్యలో కాకుండా అది పూర్తయ్యాక చెయ్యెత్తడం. పెద్ద ప్రశ్నలు, అంటే ఈ మైనస్‌ల్లాంటివి, నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకోవడం.

ఆ ఫోన్లోనే అడుగుతుంది కదా, టీచర్ ఎందుకని మీరనొచ్చు. అడగనివ్వండి, జవాబూ దొరుకుతుంది, తప్పుడు జవాబు కూడా అంతే దర్జాగా దొరుకుతుంది. నా బెంగ వేరే. ఆ రోజు మీ పాప అడిగినప్పుడు క్లాసులో ఇంకో పది మందికైనా అదే డౌటు ఉండి ఉంటుంది. వాళ్లు నవ్వారే, అందులో సగం మందికి తెలిసి నవ్వలేదు, తమని అడగలేదని హాయిగా నవ్వారు. ఒక్కరు గట్టిగా అడిగితే ఆ పది మందీ వింటారు. ఫోన్లో అడిగితే ఒక్కరే వింటారు.

మీరన్న మాట గురించి కూడా. 'నోరు మూసుకుని రాసుకో' అన్నది మీరొక్కరే కాదు, డైరీ చేతిలో పెడితే ఏ తల్లి నోటికైనా వచ్చే మాటే. అయితే పాప లెక్క ప్రకారం ఆ రోజు టీచర్, క్లాసు, అమ్మ ముగ్గురూ ఒకే మాటన్నారు. మొదటి ఇద్దరినీ మీరు మార్చలేకపోవచ్చు. మూడోది మీ చేతిలో ఉంది. పెద్దగా ఏమీ చెప్పక్కర్లేదు, 'ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది, నువ్వడిగింది మంచి ప్రశ్న, నాకూ జవాబు తెలీదు, రా చూద్దాం' అని పైన రాసిన కాగితం ముందేసుకోండి. మీకు తెలియని చోట తెలియదనే చెప్పండి. 'ఇది నాకూ కొత్తే' అని అమ్మ అనడం పిల్లలకి ఎంత ఇష్టమో! వెంటనే అడిగేస్తుందని ఆశపడకండి. కొన్నాళ్లు ముభావంగానే ఉండొచ్చు. 'ఏమైనా అడుగు, అడుగు' అని వెంటపడితే ఇంకా ముడుచుకుంటుంది. మీరే ఏదో ఒకటి ఆశ్చర్యపోతూ ఉండండి, అప్పడం నూనెలో పడగానే ఎందుకు పొంగుతుందనో, గోస్తనీ కాలవ నీళ్లు వానాకాలంలో ఎందుకు రంగు మారతాయనో. దానంతట అదే మాట కలుపుతుంది.

స్కూలు మార్చడం గురించి ఏప్రిల్ దాకా ఆలోచించకండి. ఏడాది మధ్యలో మారిస్తే, తను అడగడం వల్లే ఇదంతా వచ్చిందని పాప అనుకుంటుంది. పైగా కొత్త చోట ఇంకో టీచర్ ఇంకోలా ఉండరని హామీ లేదు. అప్పటికీ ఇక్కడ పరిస్థితి మారకపోతే, పాప ఆదివారం సాయంత్రం నుంచే కడుపునొప్పి అంటుంటే, అప్పుడు తప్పకుండా మార్చండి. కొత్త స్కూలుకి వెళ్లినప్పుడు ఏసీ గదులు, డిజిటల్ బోర్డులు చూపిస్తారు, చూడండి, ఫర్వాలేదు. ఆ తర్వాత ఏడో తరగతి పిల్లల సైన్సు నోటుబుక్కులు ఒక నాలుగు చూపించమనండి. నాలుగింటిలోనూ ఒకే జవాబు అక్షరం పొల్లుపోకుండా ఉంటే ఆ స్కూల్లో బోర్డు మీదున్నది ఎక్కించుకోవడమే చదువు. పిల్లల వాక్యాలు పిల్లలవిగా ఉండి, అక్కడక్కడా తప్పులుండి, టీచర్ ఎర్ర సిరాతో పక్కన ఏదైనా రాసి ఉంటే, ఫీజెంతో అప్పుడు కనుక్కోండి.